అమ్మ ఊపిరి, నా నోటిఫికేషన్

ఫిబ్రవరిలో మిడ్ ఎగ్జామ్స్ జరుగుతున్నాయి. పరీక్ష రాసి హాస్టల్‌కి వచ్చి ఫోన్ ఆన్ చేశాను. మా టీమ్ మినీ ప్రాజెక్ట్‌గా చేసిన యాప్ నుంచి ఒక నోటిఫికేషన్ ఉంది. "రెడ్ జోన్. రీడింగ్ 160." వచ్చిన టైమ్ తెల్లవారుజామున 5:10. నేను చూసేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర.

ఆ రీడింగ్ మా అమ్మది.

అమ్మ ఇప్పుడు బాగానే ఉంది, ముందే చెప్పేస్తున్నా. కానీ ఆ ఎనిమిది గంటల తేడా గురించి మా ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ఒక్క లైను కూడా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నాది మొదట్నుంచీ ఇంగ్లిష్ మీడియం. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన క్లబ్ సీనియర్ అక్కలు దిద్దుతారన్న ధైర్యంతో మొదలుపెట్టాను.

ఉబ్బసానికి దూరం నుంచి కాపలా ఎందుకు?

ఉబ్బసం అంటే ఆస్తమా. ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్ళే గొట్టాలు లోపల వాచి ఉంటాయి. దుమ్ము, పొగ, జలుబు, చలిగాలి, ఏదో ఒకటి తగిలితే ఆ గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. లోపల కఫం చేరుతుంది. దారి సన్నబడుతుంది. గాలి పీల్చడం కంటే వదలడం ఎక్కువ కష్టమవుతుంది. సన్నబడిన దారిలోంచి గాలి దూరేటప్పుడు వచ్చే శబ్దమే మన పెద్దవాళ్ళు చెప్పే పిల్లికూతలు.

ఈ జబ్బుకి ఒక చెడ్డ గుణం ఉంది. వస్తుంది, పోతుంది. చాలామందికి తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది. డాక్టర్‌గారు చూసేదేమో పగలు పదకొండింటికి. అప్పటికి అమ్మ మామూలుగానే ఉంటుంది. "ఎలా ఉందమ్మా?" అంటే "పర్లేదండీ" అంటుంది. నెలకి ఒకసారి పది నిమిషాలు చూపించుకుంటుందనుకుందాం. నెలలో మొత్తం 43,200 నిమిషాలున్నాయి. మిగతా 43,190 నిమిషాల్లో ఏం జరిగిందో డాక్టర్‌కి తెలియదు. ఆ ఖాళీని నింపడానికే ఈ డిజిటల్ పరికరాలన్నీ పుట్టాయి. ఇంట్లో కొలిచి, ఫోన్ ద్వారా పంపి, దూరంగా ఉన్నవాళ్ళు చూడడం. ఇంగ్లిష్‌లో రిమోట్ మానిటరింగ్ అంటారు.

ఏం కొలుస్తారు?

మొదటిది పీక్ ఫ్లో మీటర్. చిన్న ప్లాస్టిక్ గొట్టం, పక్కన స్కేలు, దాని మీద జరిగే ముల్లు. అంతే. నిలబడి, నిండా గాలి పీల్చి, పెదాలు గట్టిగా బిగించి, ఒక్కసారిగా ఎంత వేగంగా ఊదగలమో అంత వేగంగా ఊదాలి. మూడుసార్లు ఊది, అన్నిటికన్నా పెద్ద అంకె రాసుకోవాలి. నిమిషానికి ఎన్ని లీటర్ల వేగంతో గాలి బయటికొచ్చిందో అది చెప్తుంది. బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు. మాకు ఆరొందల చిల్లర పడింది.

ఈ అంకెని పక్కింటివాళ్ళ అంకెతో పోల్చకూడదు. మనం బాగున్న రెండు వారాల్లో వచ్చిన అత్యధిక రీడింగే మన కొలబద్ద. అమ్మది 340. అందులో 80 శాతం, అంటే 272 పైన ఉంటే గ్రీన్. 170 నుంచి 272 దాకా ఎల్లో. సగానికంటే తగ్గితే రెడ్. ఏ రంగులో ఏ మందు ఎంత వాడాలో డాక్టర్ ముందే కాగితం మీద రాసివ్వాలి. దాన్ని యాక్షన్ ప్లాన్ అంటారు. ఆ కాగితం లేకపోతే రంగులు తెలిసినా ఏం చెయ్యాలో తెలియదు.

రెండోది, కోవిడ్ టైమ్‌లో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటర్. చాలామంది ఆయాసం రాగానే దీన్నే వేలికి పెట్టి, 97 చూపిస్తే "ఏం లేదులే" అనేస్తారు. మేమూ అలాగే అనుకున్నాం. కానీ ఉబ్బసంలో ఆక్సిజన్ పడిపోవడం ఆలస్యంగా జరుగుతుంది. దారి సన్నబడినా శరీరం గబగబా ఊపిరి తీసి కొంతసేపు లాక్కొస్తుంది. 97 చూపిస్తున్నప్పుడే పీక్ ఫ్లో సగానికి పడిపోయి ఉండొచ్చు. ఇంకో సంగతి. 2020 చివర్లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, తెల్లవాళ్ళతో పోలిస్తే నల్లజాతి రోగుల్లో ఈ పరికరం ఆక్సిజన్ తగ్గుదలని పట్టుకోలేకపోవడం దాదాపు మూడు రెట్లు ఎక్కువ. చర్మం రంగుని బట్టి లెక్క తప్పే అవకాశం ఉందంటే మనం కూడా ఆలోచించాల్సిందే.

మూడోది నాకు అన్నిటికన్నా ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది. ఇన్‌హేలర్ ఎన్నిసార్లు నొక్కారు అన్న లెక్క. ఉబ్బసానికి రెండు రకాల మందులుంటాయి. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే దారి తెరిచేది రిలీవర్. రోజూ వాడితే లోపలి వాపుని తగ్గించేది కంట్రోలర్. రిలీవర్ వేస్తే నిమిషాల్లో హాయిగా ఉంటుంది. కంట్రోలర్ వేస్తే అప్పటికప్పుడు ఏమీ తెలియదు. అందుకే అందరూ మొదటిదాన్ని నమ్ముతారు, రెండోదాన్ని మానేస్తారు. పైగా "స్టెరాయిడ్ అంట, అలవాటైపోతుందంట" అన్న భయం. నిజానికి పీల్చే డోసు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మింగే బిళ్ళల డోసు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. రిలీవర్ ఎక్కువ వాడాల్సి వస్తోందంటే లోపల వాపు పెరుగుతోందని అర్థం.

ఈ లెక్క ఎంత ముఖ్యమో చెప్పే ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. అక్కడ ఉబ్బసం మరణాల మీద 2014లో ఒక జాతీయ సమీక్ష వచ్చింది. 195 మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. చనిపోయేనాటికి రిలీవర్ వాడుతూ, ఎన్ని రాసిచ్చారో లెక్క దొరికినవాళ్ళు 165 మంది. వాళ్ళలో 65 మందికి ఆ ముందు ఏడాదిలో 12 కంటే ఎక్కువ రిలీవర్లు రాసిచ్చారు. ఏడాదికి మూడు వాడినా జాగ్రత్తపడాలని ఇప్పుడు నిపుణులు చెప్తున్నారు. సాధారణంగా ఒక రిలీవర్ డబ్బాలో 200 పఫ్‌లుంటాయి. 12 డబ్బాలంటే 2,400 పఫ్‌లు, అంటే రోజుకి ఆరున్నర. ఆ లెక్క రికార్డుల్లో ఉండనే ఉంది. దాన్ని చూసి, ఆగి, "ఏమ్మా, ఇన్ని ఎందుకు అవసరమవుతున్నాయి?" అని అడిగే మనిషి ఉండాల్సింది.

ఈ లెక్కని మెషీన్‌తోనే పెట్టించే ప్రయత్నాలు జరిగాయి. ఇన్‌హేలర్ మీద తొడిగే చిన్న సెన్సర్, నొక్కగానే టైమ్‌నీ చోటునీ ఫోన్‌కి పంపుతుంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయిస్‌విల్ నగరంలో వెయ్యికి పైగా మందికి ఇలాంటి సెన్సర్లిచ్చి, ఊళ్ళో ఏ మూల ఎక్కువసార్లు నొక్కుతున్నారో మ్యాప్ గీశారు. ఒక మనిషి ఆయాసం ఒక ఊరి గాలికి రిపోర్ట్ అయింది. వాషింగ్టన్ యూనివర్సిటీలో శ్వేతక్ పటేల్ ల్యాబ్ 2012లో స్పైరోస్మార్ట్ అనే యాప్ చేసింది. ఫోన్ మైక్ ముందు ఊదితే ఆ శబ్దం నుంచే గాలి వేగాన్ని లెక్కగడుతుంది. తర్వాత 2016లో స్పైరోకాల్ తెచ్చారు. దీనికి స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు, మామూలు ఫోన్‌లో ఒక నంబర్‌కి కాల్ చేసి ఊదితే చాలు. ఇవన్నీ చదివినప్పుడు మా టీమ్ ముగ్గురికీ రాత్రి నిద్ర పట్టలేదు.

మా యాప్

మా అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. మా ఊరు గుంటూరు దగ్గర. జనవరి దాటితే చుట్టూ మిరపకాయల కల్లాలే. కోరు వచ్చిందంటే మామూలు మనుషులకే దగ్గు ఆగదు, అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే మినీ ప్రాజెక్ట్ టాపిక్ అడిగితే నేను ఇంకేం ఆలోచించలేదు.

యాప్ సింపుల్. ఉదయం, సాయంత్రం పీక్ ఫ్లో అంకె, వేసుకున్న పఫ్‌ల సంఖ్య ఎంటర్ చెయ్యాలి. యాప్ రంగు చూపిస్తుంది, గ్రాఫ్ గీస్తుంది. రెడ్ వస్తే ఇంట్లోవాళ్ళకి నోటిఫికేషన్ పంపుతుంది. రివ్యూలో సర్‌వాళ్ళు మెచ్చుకున్నారు. "రియల్ యూజర్ ఉన్నారా?" అని అడిగితే "మా అమ్మే సర్" అన్నాను గర్వంగా.

మొదటి నెల గ్రాఫ్ చూస్తే మా అమ్మకి అసలు జబ్బే లేదనిపించింది. 320, 320, 325, 320. ఇంత నీట్ డేటా ఎక్కడ చూశానా అని ఆలోచిస్తే గుర్తొచ్చింది, మన ల్యాబ్ అబ్జర్వేషన్ బుక్‌లో! సబ్మిషన్ ముందురోజు రాత్రి అన్ని రీడింగ్స్ ఒకే పెన్నుతో ఒకే కూర్చోడంలో రాస్తాం కదా, అలాంటిది. ఎంట్రీల టైమ్ చూస్తే తేలిపోయింది. వారం రీడింగ్స్ అన్నీ ఆదివారం రాత్రి, నేను ఫోన్ చెయ్యడానికి పావుగంట ముందు ఎంటర్ అయ్యాయి.

అడిగితే నవ్వింది. "తక్కువ పెడితే నువ్వు చదువు మానేసి కంగారుపడతావే. అందుకని పెట్టా" అంది.

ఇది మా అమ్మ ఒక్కదాని పని కాదని తర్వాత తెలిసింది. 1990ల మొదట్లో అమెరికాలో ఊపిరితిత్తుల జబ్బు మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో ఇన్‌హేలర్లకి లెక్క రాసే యంత్రాలు పెట్టారు. కొంతమంది రోజూ వాడకుండా, క్లినిక్‌కి వెళ్ళే ముందు కొద్ది గంటల్లోనే వందసార్లకు పైగా నొక్కేసి డబ్బా ఖాళీ చేశారు. యంత్రంలో టైమ్ రికార్డ్ అవుతుందని వాళ్ళకి తెలియదు. మనిషి తనని చూసేవాళ్ళ కోసం అంకెలు మారుస్తాడు, ఒక్కోసారి భయంతో, ఒక్కోసారి ప్రేమతో.

మేం యాప్ మార్చాం. పాత తేదీలకి ఎంట్రీ పెట్టడం కుదరకుండా చేశాం. అమ్మ నిజమైన అంకెలు పెట్టడం మొదలుపెట్టింది. సమస్య తీరిపోయిందనుకున్నాం.

5:10

ఆ వారం అమ్మ పెట్టిన ఉదయం రీడింగ్స్ ఇవి. 290, 265, 250, 240, 230, ఆఖర్న 160.

ఎవరికైనా కనిపించేది ఏమిటి? మెట్లు దిగినట్టు దిగుతోంది. కానీ మా కోడ్‌కి అది కనబడలేదు. అది ఏ రోజు అంకెని ఆ రోజు మాత్రమే చూస్తుంది. 265 ఎల్లో, 230 కూడా ఎల్లోనే. ఎల్లోకి కూడా నోటిఫికేషన్ పంపితే ఊరికే విసిగిస్తుందని మేమే ఆపేశాం. నాలుగు రోజులు గ్రాఫ్ పసుపుపచ్చగా ఉంది, ఎవరూ తెరిచి చూడలేదు. ఐదో రోజు రెడ్ వచ్చింది. యాప్ వెంటనే నోటిఫికేషన్ పంపింది. ఎవరికి? నాకొక్కదానికే. నాన్న కోల్డ్ స్టోరేజీలో గుమస్తా, ఆయనది బటన్ ఫోన్. ఆయనకి మా యాప్‌లో చోటే లేదు. నేను రాత్రి రెండింటిదాకా చదివి, ఫోన్ ఆఫ్ చేసి పడుకున్నాను. పొద్దున్న అలాగే పరీక్షకి వెళ్ళిపోయాను.

అమ్మ మాట్లాడలేకపోతోందని ఆరింటికి నాన్న లేచి చూసి, బండి మీద హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. నెబ్యులైజర్ పెట్టారు, స్టెరాయిడ్ ఇచ్చారు, ఒక రాత్రి ఉంచుకున్నారు. పరీక్షలున్నాయని నాకు చెప్పొద్దని అమ్మే అందట.

తర్వాత ఊరెళ్ళినప్పుడు అడిగాను. "నాలుగు రోజుల నుంచి తగ్గుతోంది కదమ్మా, డాక్టర్‌కి ఎందుకు చూపించుకోలేదు? నాన్నకైనా చెప్పొచ్చు కదా?"

"యాప్‌లో పెట్టాను కదే. నువ్వు చూస్తున్నావనుకున్నా" అంది.

ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క మాట కోసం రాస్తున్నాను. యాప్ లేకముందు ఆయాసం పెరిగితే అమ్మ నాన్నకి చెప్పేది, లేకపోతే నాకు ఫోన్ చేసేది. యాప్ వచ్చాక చెప్పడం మానేసింది, ఎవరో చూస్తున్నారన్న నమ్మకంతో. మా సర్వర్ లాగ్‌లో ఆ నోటిఫికేషన్ పక్కన "డెలివర్డ్" అని ఉంది. మా కోడ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. కానీ మేం లేకముందు కంటే మేం ఉన్నాక అమ్మ ఎక్కువ ప్రమాదంలో పడింది.

పరికరమా, మనిషా?

ఆ తర్వాతే అసలు ఇలాంటివి పనిచేస్తాయా అని చదవడం మొదలుపెట్టాను. ప్రాజెక్ట్‌కి ముందు చదవాల్సింది!

బ్రిటన్‌లో ఒక పరిశోధన 2012లో వచ్చింది. ఉబ్బసం సరిగ్గా అదుపులో లేని 288 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు రీడింగ్స్ మొబైల్‌లో పంపింది, ఇంకో గుంపు కాగితం మీద రాసుకుంది. రెండు గుంపులకీ వైద్యం మాత్రం ఒకేలా, బాగా అందింది. చివరికి చూస్తే ఉబ్బసం అదుపులో రెండింటికీ తేడా లేదు. మొబైల్ కాగితాన్ని ఓడించలేకపోయింది.

న్యూజిలాండ్‌లో 2015లో వచ్చిన ఇంకో పరిశోధన చూడండి. 6 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 220 మంది. అందరి కంట్రోలర్ ఇన్‌హేలర్లకీ లెక్క రాసే పరికరం తగిలించారు. సగం మందికి మాత్రం మందు వేళకి అది శబ్దం చేసి గుర్తుచేసేది. గుర్తుచేసిన పిల్లలు 84 శాతం డోసులు వేసుకున్నారు, చెయ్యని పిల్లలు 30 శాతం. ఇక్కడ పరికరం గెలిచింది. ఎందుకంటే దాని మాట ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్‌కి వెళ్ళలేదు, మందు వేసుకోవాల్సిన పిల్లల చెవికే వెళ్ళింది.

ఈ రెండూ పక్కపక్కన పెడితే నాకర్థమైంది ఇది. అంకె ఎంత బాగా కొలిచాం అన్నది మొదటి ప్రశ్నే. అది ఎవరి దగ్గరికి వెళ్తోంది, వాళ్ళు ఏం చెయ్యగలరు, చేశారని మనకెలా తెలుస్తుంది అన్నవి అసలు ప్రశ్నలు. నెట్‌వర్క్స్ చదివినవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. మేం యూడీపీలా పంపేసి చేతులు దులుపుకున్నాం. ఇక్కడ కావాల్సింది టీసీపీ. మిగతా బ్రాంచ్‌ల ఫ్రెండ్స్‌కి: ఉత్తరం పోస్ట్ డబ్బాలో వేసి వచ్చేయడం వేరు, అందినట్టు సంతకంతో రసీదు తిరిగొచ్చేదాకా చూడడం వేరు.

ఇప్పుడు ఎలా ఉంది?

డాక్టర్‌గారి దగ్గర కూర్చుని మళ్ళీ మొదట్నుంచి చేశాం. ముందు ఆయన అమ్మ చేత నా ఎదురుగానే ఇన్‌హేలర్ వేయించారు. నొక్కడం ఒకసారి, పీల్చడం ఇంకోసారి. ఇన్నేళ్ళూ సగం మందు నాలుక మీదే పడుతోంది. ఒక స్పేసర్ రాసిచ్చారు, ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం. ఏ సెన్సరూ లేని ఆ వస్తువు మా యాప్ కన్నా ఎక్కువ మేలు చేసింది, ఒప్పుకోవాలి.

మూడు రంగుల కాగితం బీరువా తలుపుకి అంటించాం. నాన్న చదవగలిగేలా పెద్దక్షరాల్లో, తెలుగులో. రెడ్ వస్తే ఎన్ని పఫ్‌లు వెయ్యాలో డాక్టర్‌గారు చెప్పినట్టే రాశాం. కింద 108 అని.

యాప్‌లో నాలుగు మార్పులు చేశాం. ఒకటి, వరసగా రెండు రోజులు ఎల్లో వచ్చినా, మూడు రోజులు తగ్గుతూ వచ్చినా చెప్తుంది. రెండు, మొదట అమ్మ ఫోన్‌లోనే తెలుగులో గట్టిగా మాట్లాడుతుంది. మూడు, అలర్ట్ వెళ్ళాక "చూశాను" అని ఎవరో ఒకరు నొక్కాలి. పక్క వీధిలో ఉండే పిన్నికి ముందు వెళ్తుంది. ఐదు నిమిషాల్లో నొక్కకపోతే నాన్న బటన్ ఫోన్‌కి కాల్ వెళ్తుంది, ఆ తర్వాత నాకు. నేను మొదట ఉండాలని చాలా పట్టుబట్టాను గానీ, రెండొందల కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి ముందు వరసలో ఉండి చేసేదేం లేదని పిన్నే తేల్చేసింది. నాలుగు, మొదటి స్క్రీన్ మీద ఒక వాక్యం పెట్టాం: "ఈ అంకెల్ని డాక్టర్ ఎప్పటికప్పుడు చూడడం లేదు. ఆయాసం పెరిగితే మనుషులకి చెప్పండి." మా టీమ్‌లో ఒకరు "మన యాప్ పరువు మనమే తీసుకుంటున్నాం" అన్నారు. నాకైతే మొత్తం ప్రాజెక్ట్‌లో పనికొచ్చే లైన్ అదే అనిపిస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే యాప్ వెతకడానికి ముందు మూడు పనులు చెయ్యండి. ఈ ఏడాది ఎన్ని రిలీవర్లు కొన్నారో మందుల షాపు బిల్లులు తీసి లెక్కపెట్టండి. యాక్షన్ ప్లాన్ కాగితం ఉందో లేదో అడగండి, లేకపోతే డాక్టర్ చేత రాయించండి. రాత్రి నాలుగింటికి ఆయాసం వస్తే ఎవరిని లేపాలో పేరు పెట్టి అనుకోండి.

నిన్న సాయంత్రం అమ్మ రీడింగ్ 310. గ్రీన్. అలర్ట్ ఏమీ రాలేదు, రావాల్సిన అవసరం కూడా లేదు. అయినా ఫోన్ చేశాను. రీడింగ్ గురించి అడగలేదు. ఏం కూర వండావంటే దోసకాయ పప్పు అంది. మధ్యలో ఆగకుండా, ఒకే ఊపిరిలో, పక్కింటావిడ జాకెట్ కుట్టుకూలి ఇంకా ఇవ్వలేదన్న గొడవంతా చెప్పింది. నేను వింటూ కూర్చున్నాను.